అక్కడికెందుకు పోయినవ్?

ఒక జనవరి నెలలో, కాలు విరిగి మంచం మీదున్న మా విద్యార్థిని పక్కన కూచుని ఎలిజబెత్ రెవోల్ రాసిన ‘టు లివ్’ చదివాను. నడి చలికాలంలో మంచుకొండ మీద చిక్కుకుపోయి, ఇతరుల సాయంతో బతికి కిందికి దిగిన ఫ్రెంచి స్త్రీ తన కథ తానే చెప్పుకున్న పుస్తకం అది. దాని గురించి మాత్రమే రాద్దామని మొదలుపెట్టాను. రెండు పేజీలు రాశాక, పక్కన పడుకున్న పిల్ల సంగతి చెప్పకుండా ఆ పుస్తకం గురించి నిజాయితీగా రాయలేనని అర్థమైంది.

నేను జనగామలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. ఆ ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక పదహారు మంది అమ్మాయిలతో భూపాలపల్లి జిల్లా రేగొండ వైపున్న పాండవుల గుట్టకు వెళ్ళాం. వేల ఏళ్ళ కిందటి మనుషులు రాతిమీద వేసిన రంగుల బొమ్మలు వాళ్ళకు చూపించాలని నా కోరిక. అక్కడ గొంతెమ్మ పేరుమీద కూడా ఒక చోటుంది. కుంతినే మనవాళ్ళు గొంతెమ్మ అంటారు. తీరని కోరికను గొంతెమ్మ కోరిక అంటాం కదా అని దారిలో పిల్లలకు చెప్పి నవ్వించాను కూడా.

పొద్దున ఏడింటికే ఎక్కడం మొదలుపెట్టాం. రాత్రంతా కురిసిన మంచుకు బండలు తడిసి ఉన్నాయి. మహబూబాబాద్ వైపు ఒక తండా నుంచి వచ్చి మా కాలేజీలో చదువుతున్న పిల్ల అందరికన్నా ముందు నడుస్తోంది. “పూర్ణక్క ఎవరెస్టే ఎక్కింది, ఇదెంత మేడమ్” అంటోంది. నాచుపట్టిన బండ మీద కాలు జారి రెండు నిలువుల కింద పడింది. మోకాలి కింది ఎముక విరిగింది.

ఫోన్లకు సిగ్నల్ లేదు. నా సంచిలో నీళ్ళ సీసా, బొమ్మల గురించి రాసుకున్న కాగితాలు తప్ప ఏమీ లేవు. కట్టెలకు వచ్చిన నలుగురు ఆడవాళ్ళు మా అరుపులు విని పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో పెద్దామె ముందుగా పిల్ల భుజం పట్టుకుంది. “కదలకు బిడ్డా, కదిలితే బొక్క ఇంకింత జరుగుతది” అన్నది. చలికీ భయానికీ వణుకుతున్న పిల్లకు తను కప్పుకున్న చెద్దరు తీసి కప్పింది. కాలికి రెండు వైపులా కట్టెలు పెట్టి తువ్వాల చింపి కట్టారు. రెండు పొడుగు కర్రలకు చీర కట్టి డోలీ చేశారు. కిందికి దింపడానికి గంటన్నర పట్టింది. జారే చోట ఒకామె ముందుగా దిగి, వెనక వాళ్ళకు కాలు ఎక్కడ పెట్టాలో చేత్తో చూపించింది.

కింద అంబులెన్స్ వచ్చింది. అప్పటినుంచి ఆ పిల్లను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, “అక్కడికెందుకు పోయినవ్?” ఆస్పత్రిలో కట్టు కట్టినతను అడిగాడు. చూడవచ్చిన చుట్టాలు అడిగారు. కాలేజీలో అదే ప్రశ్న నాకు ఎదురైంది, “ఆడపిల్లల్ని గుట్టలకెందుకు తీసుకుపోయినారు మేడమ్?” అంతకు ముందు ఏడు మగపిల్లలు వేరే గుట్టకు పోయినప్పుడు ఒకడికి చెయ్యి విరిగింది. అప్పుడు వాడి కట్టు మీద స్నేహితులంతా సంతకాలు చేశారు. ఎందుకు పోయినవని వాణ్ణెవరూ అడగలేదు. మా ప్రయాణం తర్వాత మాత్రం అమ్మాయిలను గుట్టలకూ అడవులకూ తీసుకుపోవద్దని నిర్ణయమైపోయింది.

ఈ ప్రశ్న చెవిలో మోగుతుండగా రెవోల్ పుస్తకం చదివాను. 2018 జనవరి 25న రెవోల్, ఆమె పోలిష్ సహచరుడు తోమెక్ మత్స్‌కెవిచ్ పాకిస్తాన్‌లోని నంగా పర్బత్ శిఖరం చేరారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన ఆ కొండను చలికాలంలో ఎక్కిన మొదటి స్త్రీ ఆమె. పైకి చేరేసరికి తోమెక్‌కు చూపు పోయింది. రాత్రంతా అతన్ని పట్టుకుని దింపింది. అతను ఇక కదలలేని స్థితిలో, ఏడు వేల మీటర్ల పైన ఒక మంచు పగులులో అతన్ని ఉంచి, నువ్వు కిందికి దిగితే హెలికాప్టర్ అతన్ని తీసుకొస్తుందన్న మాట మీద దిగింది. హెలికాప్టర్ అనుకున్న వేళకు రాలేదు. దాని ఖర్చుకు ఎక్కడెక్కడి మనుషులో చందాలు వేయాల్సి వచ్చింది. అప్పుడు కె2 పర్వతం దగ్గరున్న పోలిష్ బృందం నుంచి నలుగురిని పాకిస్తాన్ సైన్యపు హెలికాప్టర్లు నంగా పర్బత్ కింద దింపాయి. వారిలో ఆడమ్ బియెలెత్స్కి, డెనిస్ ఉరుబ్కో రాత్రంతా చీకట్లో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి 28వ తేదీ తెల్లవారుజామున ఆమెను చేరారు. తోమెక్ దగ్గరికి ఎవరూ చేరలేకపోయారు.

ఈ పుస్తకంలో శిఖరం మీది క్షణాలు చాలా తక్కువ. ఎక్కువ భాగం దిగడమే. ఒంటరిగా గడిపిన రాత్రి ఆమెకు భ్రమ కలుగుతుంది. ఎవరో వచ్చి వేడివేడి టీ ఇచ్చినట్టు, బదులుగా తన బూటు అడిగినట్టు. ఆమె నిజంగానే బూటు విప్పి ఇచ్చేస్తుంది. కాలు గడ్డకట్టుకుపోతుంది. చలి మనిషి బుద్ధిని ఎలా తినేస్తుందో ఇంత సూటిగా చెప్పిన ఘట్టాన్ని నేను మరెక్కడా చదవలేదు. కానీ నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. బతికి వచ్చినందుకు ఆమె జవాబు చెప్పుకోవాల్సి రావడం. సహచరుణ్ణి వదిలి వచ్చావా అని లోకం అడిగేదానికన్నా ఎక్కువ తనను తాను అడుక్కుంటుంది. సాహసగాథల్లో వీరుడు కథ మొదట్లోనే తనెవరో చెప్పుకుని సాగిపోతాడు. రెవోల్ మాత్రం చివరిదాకా సంజాయిషీ ఇస్తున్న గొంతుతోనే మాట్లాడుతుంది. ఇది ఆమె స్వభావమా? ఆడవాళ్ళను ఎక్కడైనా నిలబెట్టే బోను అలవాటు చేసిన గొంతా? నాకు రెండోదే అనిపించింది.

దీనికి రెండు మరణాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1995 మేలో బ్రిటిష్ పర్వతారోహకురాలు అలిసన్ హార్‌గ్రీవ్స్ ఆక్సిజన్ లేకుండా, షెర్పాల సాయం తీసుకోకుండా ఎవరెస్ట్ ఎక్కింది. అదే ఏడు ఆగస్టు 13న కె2 ఎక్కి దిగుతుండగా తుఫానులో చనిపోయింది. ఆమెకు ఆరేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు. బ్రిటిష్ పత్రికల్లో చర్చంతా ఆమె తల్లితనం మీదికి మళ్ళింది. పిల్లలున్న తల్లి ఇలాంటి పని చేయవచ్చా అన్నారు. మరుసటి ఏడు, 1996 మే 11న, న్యూజీలాండ్ గైడు రాబ్ హాల్ ఎవరెస్ట్ శిఖరానికి దగ్గర్లోనే తుఫానులో ఇరుక్కుపోయి చనిపోయాడు. అప్పటికి అతని భార్య జాన్ ఆర్నల్డ్‌కు ఏడో నెల. చనిపోయే ముందు రేడియోను శాటిలైట్ ఫోనుకు కలిపి ఆమెతో మాట్లాడించారు. పుట్టబోయే బిడ్డకు పేరు కూడా పెట్టాడు. ఈ ఘట్టాన్ని పుస్తకాలు, సినిమా ఒక గొప్ప ప్రేమకథగా చెప్పాయి. చదివినప్పుడు నేనూ ఏడ్చాను. తండ్రి కాబోతున్నవాడు ఇలాంటి పని చేయవచ్చా అన్న ప్రశ్న ఆ ప్రేమకథకు అడ్డు రాలేదు. కొండ మీద చనిపోయిన తండ్రికి కన్నీళ్ళు, తల్లికి విచారణ. ఆర్నల్డ్ స్వయంగా డాక్టరనీ, 1993లో తనూ ఎవరెస్ట్ ఎక్కిందనీ ఎంతమందికి గుర్తుంది? కథలో ఆమె ఫోను అవతల ఏడుస్తున్న భార్య మాత్రమే.

అదే తుఫాను గురించి జాన్ క్రాకవర్ రాసిన ‘ఇన్‌టు థిన్ ఎయిర్’ మన దగ్గర ఇంగ్లిషు చదివే పిల్లల్లో కూడా పేరున్న పుస్తకం. అందులో యసుకో నంబా ఉంటుంది. నలభై ఏడేళ్ళ జపాన్ స్త్రీ, టోక్యోలో ఉద్యోగం చేసుకుంటూ ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన మనిషి. తుఫానులో ఆమె, బెక్ వెదర్స్ అనే అమెరికన్ డాక్టరు పక్కపక్కనే మంచులో పడి ఉన్నారు. ఇద్దరిలోనూ ఇంకా ఊపిరి ఉంది. అయినా బతకరని నిర్ణయించి ఇద్దరినీ అక్కడే వదిలి వచ్చారు. వెదర్స్ తనంతట తనే లేచి నడిచి వచ్చాడు. నంబా లేవలేదు. వెదర్స్ తర్వాత తన కథ తాను రాసుకున్నాడు. క్రాకవర్ తన పశ్చాత్తాపం రాసుకున్నాడు. ఇద్దరి మీదా నాకు ఫిర్యాదు లేదు. కానీ నంబా మనకు ఇతరుల పశ్చాత్తాపంలోనే దొరుకుతుంది. ఆమె ఎంత చిన్నగా, ఎంత తేలిగ్గా ఉండేదో చెప్తారు. ఆ కొండ దాకా ఆమె ఎలా వచ్చిందన్నది కొన్ని వాక్యాల్లో ముగిసిపోతుంది.

వెదర్స్‌ను దాదాపు ఆరు వేల మీటర్ల ఎత్తు నుంచి హెలికాప్టర్‌లో దింపింది నేపాల్ సైన్యపు పైలట్ మదన్ ఖత్రి ఛెత్రి. ఆ గాలిలో రెక్కలకు పట్టు దొరకదు. ప్రాణాలకు తెగించే అతను అంత ఎత్తుకు వెళ్ళాడు. ఆ హెలికాప్టర్ కదలడానికి వెనక, అమెరికాలో ఇంట్లో కూచుని రాజకీయ నాయకులకూ రాయబార కార్యాలయానికీ మనుషుల చేత ఫోన్ల మీద ఫోన్లు చేయించిన అతని భార్య పీచ్ ఉంది. భర్త పర్వతాల పిచ్చితో విసిగిపోయి ఉన్న మనిషి ఆమె. రక్షణ అంటే తాడు, హెలికాప్టరే కాదు, ఫోను పట్టుకుని కూచున్న ఆడమనిషి కూడా. పర్వత సాహిత్యాన్ని మనం చదివేటప్పుడు ఈ పనిని లెక్కలోకి తీసుకోవాలి.

మన దేశానికొస్తే బచేంద్రీ పాల్ ఆత్మకథ ఉంది. 1988లో నేషనల్ బుక్ ట్రస్ట్ వేసింది. 1984 మే నెల, 15వ తేదీ అర్ధరాత్రి దాటాక మూడో శిబిరం మీద మంచు చరియ విరిగిపడింది. గుడారంలో నిద్రపోతున్న ఆమె మంచు కింద కూరుకుపోయింది. లోప్సాంగ్ త్షెరింగ్ చాకుతో గుడారం కోసి ఆమెను బయటికి లాగాడు. వెనక్కి వెళ్తావా అని నాయకుడు అడిగితే వెళ్ళనంది. ఇది అందరూ చెప్పే ఘట్టం. నాకు అంతకన్నా ముఖ్యమైంది మరొకటుంది. తర్వాత సౌత్ కోల్ చేరాక, వెనకబడ్డ సహచరుల కోసం ఆమె ఫ్లాస్కుల్లో టీ, పళ్ళరసం పోసుకుని, ఆ మంచుగాలిలో మళ్ళీ కిందికి దిగుతుంది. ఎదురొచ్చిన సహచరుడు ఎందుకింత ప్రమాదం తెచ్చుకుంటావని వారిస్తాడు. అందరిలాగే నేనూ పర్వతారోహకురాలినే, తోటివాళ్ళకు సాయం చేయడానికే వచ్చానన్నట్టు జవాబిస్తుంది. ఒక వారం కింద మంచులోంచి తవ్వి తీసిన మనిషి, ఇప్పుడు ఇతరులకు టీ మోస్తోంది. వారించిన గొంతులో ప్రేమే ఉంది. అయినా ప్రశ్న మాత్రం అదే, అక్కడికెందుకు పోయినవ్?

తెలుగు నేల మీద పర్వత మరణమంటే మల్లి మస్తాన్‌బాబే గుర్తొస్తాడు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి వచ్చి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా చిలీ సరిహద్దు దగ్గర కనబడకుండా పోయాడు. పది రోజుల వెతుకులాట తర్వాత ఏప్రిల్ 3న దేహం దొరికింది. ఆ పది రోజులూ ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో అతని కోసం కదిలారు. అతన్ని పర్వతాల బిడ్డ అన్నారు. అతను ఒంటరిగా ఎందుకు వెళ్ళాడన్నది నేను చదివిన కథనాల్లో నిందగా రాలేదు, దుఃఖంగానే వచ్చింది. అలాగే రావాలి కూడా. అతనికి దక్కిన ఆ మర్యాదను తగ్గించమని కాదు, ఆడవాళ్ళకూ దక్కాలనే నా మాట.

మా పిల్ల తలచుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండాల పిల్ల. అంతకు అయిదు వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు విరిగిపడి బరువులు మోసే నేపాలీ కార్మికులు 16 మంది చనిపోయారు. దారిలో శవాలు చూసి భయపడ్డానని పూర్ణ తర్వాత చెప్పింది. రాహుల్ బోస్ 2017లో తీసిన ‘పూర్ణ’ సినిమాలో చిన్న వయసులోనే పెళ్ళై చనిపోయే అక్క వరస ప్రియ పాత్ర ఉంది. సినిమాకు ప్రాణం అదే. కొండ కన్నా ఊళ్ళో పెళ్ళి ప్రమాదకరమని ఆ పాత్ర చెప్తుంది. కానీ సినిమాలో లంబాడీ పిల్ల హిందీలో మాట్లాడుతుంది, ఆమె మీద నమ్మకం పెట్టుకున్న అధికారి కథ ఆమె కథను కొంత ఆక్రమిస్తుంది. అన్నిటికన్నా, భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో ఆమె పొందిన శిక్షణ తెర మీద వేగంగా దాటిపోతుంది. చూసిన పిల్లలకు ధైర్యం ఉంటే చాలనిపిస్తుంది. మా పిల్లకు అలాగే అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ఇక్కడ నా తప్పు గురించి చెప్పాలి. స్త్రీవాదులం కనుక అక్కడికెందుకు పోయినవన్న ప్రశ్నను తిప్పికొట్టడం మనకు తేలిక. కానీ ఎట్ల పోయినవన్న ప్రశ్న వేరే. మంచుకు తడిసిన బండ ఎండేదాకా ఆగలేదు. దారి తెలిసిన ఊరివాళ్ళను వెంట తీసుకుపోలేదు. కట్టు కట్టే గుడ్డ లేదు, దుప్పటి లేదు, ఎక్కడ సిగ్నల్ దొరుకుతుందో కనుక్కోలేదు. మొదటి ప్రశ్న మనల్ని ఇంట్లో కూచోబెడుతుంది, రెండోది బతికి తిరిగొచ్చేలా తయారుచేస్తుంది. నన్నెవరూ రెండోది అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

ఈ తేడా మా ప్రాంతంలోనే 2023 జులైలో కనబడింది. 26వ తేదీన ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడడానికి అడవిలోకి నడిచిపోయిన సుమారు 80 మంది వాగు పొంగి చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు రాత్రిపూట అడవిలోకి వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చాయి. మరునాడు తెల్లవారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కారు. హెలికాప్టర్లు వచ్చి దించాల్సి వచ్చింది. కొట్టుకుపోయిన నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళు ఏ సాహసానికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నారు. బయటికి పోతే ప్రమాదమని ఆడపిల్లలను ఆపేవాళ్ళు ఇంట్లో ఉన్న ఈ ముగ్గురి గురించి ఏం చెప్తారు?

చివరికి నేను తప్పించుకోలేని విషయం ఒకటుంది. కాలేజీకి ఇచ్చిన వివరణలో నేను ‘స్థానికుల సహాయంతో కిందికి దింపాము’ అని రాశాను. దింపింది మేము కాదు. ఆ నలుగురు ఆడవాళ్ళు దింపారు, మేము వెనక నడిచాం. వాళ్ళ పేర్లు అడగలేదు. అంతకన్నా దారుణం, డోలీ కడుతున్నప్పుడు ఏదో మాట్లాడాలని, “ఇంత చలిల, ఇంత పొద్దున్నే ఇక్కడికెందుకొచ్చిన్రమ్మా?” అని అడిగాను. పెద్దామె నావైపు చూసి, “పొయ్యి మండాలె గద” అన్నది.

పర్వత పుస్తకాల్లో షెర్పాలను పేరు లేని బరువు మోసేవాళ్ళుగా చూపించారని తరగతిలో విమర్శించే నేను, ఒక పేజీ వివరణలో అదే పని చేశాను. షెర్పాల భార్యల సంగతి నేను పాఠంగా చెప్తాను. ఎవరెస్ట్ మీద భర్తలను పోగొట్టుకున్న ఫుర్దికి షెర్పా, నిమా డోమా షెర్పా 2019 మేలో అదే కొండ ఎక్కిన కథ పిల్లలకు ఎంతో ఇష్టం. మరి మా గుట్ట మీద రోజూ చలిలో ఎక్కి దిగేవాళ్ళు నాకు ఎందుకు కనబడలేదు? తలమీద మోపుతో జారుడు బండలు దిగే వాళ్ళ నైపుణ్యాన్ని మనం సాహసమనం, కూలి అంటాం. వాళ్ళలో ఎవరైనా జారి పడితే అది ఏ సాహిత్యంలోకీ రాదు.

తెలుగులో కొండల గురించి ఆడవాళ్ళు రాసింది తక్కువే. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ వంటివి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రాయవలసిన కొత్త పుస్తకాలకు శిఖరం తప్పనిసరి కాదని రెవోల్, బచేంద్రీ చదివాక నాకనిపిస్తోంది. ఎవరు పడ్డారు, ఎవరు చెద్దరు కప్పారు, ఎవరు ముందు దిగి కాలు పెట్టే చోటు చూపించారు అన్నదే కథ కావచ్చు. విమర్శకులుగా మనం కూడా ఎక్కడం దగ్గర ఆగిపోకుండా దిగడాన్ని చదవడం నేర్చుకోవాలి.

పిల్ల కట్టు విప్పాక మొదటగా అడిగింది వాళ్ళ గురించే. “వాళ్ళ చెద్దరు మన దగ్గర్నే ఉండిపాయె మేడమ్” అన్నది. ఉతికి మడతపెట్టి ఉంచింది. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం నేనొక్కదాన్నే రేగొండ పోయి, గుట్ట కింది ఊళ్ళో అడుగుతూ అడుగుతూ ఆ పెద్దామె ఇంటికి చేరాను. చెద్దరు ఇచ్చి, పేరు అడిగాను. నలుగురి పేర్లూ చెప్పింది. ఎక్కడా రాయనని మాటిచ్చాను కనుక ఇక్కడ రాయడం లేదు, కానీ కాలేజీకి ఇచ్చిన వివరణను మార్చి, వాళ్ళను అడిగే, ఆ పేర్లతో మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ వస్తే ముందుగా కబురు పెట్టమన్నది ఆమె. బండలు ఎప్పుడు ఎండుతాయో తను చెప్తానన్నది.

కాలేజీ నిర్ణయం ఇంకా మారలేదు. అడుగుతూనే ఉన్నాను.